కిన్నెరసాని: ఒకే గడపలో ప్రేమా, కుటుంబమూ

పరిచయం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. 'కిన్నెరసాని పాటలు' పుస్తకం మీ దగ్గర ఉంటే, అందులోంచి ఏదో ఒక పుట తీసి గొంతెత్తి చదవండి. ఇంట్లో వాళ్ళు నవ్వినా ఫరవాలేదు. ఇది మాత్రాఛందస్సులో నడిచే గేయకావ్యం. కళ్ళతో మాత్రమే చదివేవారికి ఇందులో సగమే అందుతుంది. వాగు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఒరుసుకుపోతుందో, ఎక్కడ ఉరుకుతుందో ఆ పాదాల నడకే చెబుతుంది.

ఈ కావ్యం మీద ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది విద్యార్థులు ఒకే రకమైన జవాబు రాస్తారు. అత్త గయ్యాళి, భర్త చేతకానివాడు, కిన్నెర అమాయకురాలు, కష్టాలు భరించలేక వాగుగా మారింది అని. ఈ జవాబులో తప్పు లేదు, కథ అదే. అయితే ఇలాంటి కథ మన ఊళ్ళలో ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. అందులోంచి ఒక విషాద నాయిక ఎలా పుట్టిందో ఆ జవాబు చెప్పదు. ఈ పాఠంలో మనం వెతకబోయేది దాన్నే.

విశ్వనాథ సత్యనారాయణ (1895–1976) కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. 'శ్రీమద్రామాయణ కల్పవృక్షము'కు 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. 'వేయిపడగలు', 'కల్పవృక్షం' చదివి ఆయన శైలి కఠినమనే అభిప్రాయం ఏర్పరచుకున్నవారు ఈ పాటల్లోని తేట తెనుగు చూసి ఆశ్చర్యపోతారు. ఇవి ఆయన యౌవనంలో, భావకవిత్వం జోరుగా సాగుతున్న 1920ల కాలానికి చెందిన రచన. ఆనాటి కవులు ఎక్కువగా ప్రేయసిని ఊహల్లో నిలిపి పాడారు. విశ్వనాథ మాత్రం పెళ్ళయి కాపురం చేస్తున్న కోడలిని నాయికగా తీసుకున్నారు. ఈ తేడాను ముందుగా గుర్తుపెట్టుకోండి.

కథ

కిన్నెర తెలుగింటి కోడలు. భార్యాభర్తలకు ఒకరంటే ఒకరికి ప్రాణం. అత్తకు మాత్రం కోడలంటే గిట్టదు. ఆమె పెట్టే ఆరళ్ళు రోజురోజుకూ పెరుగుతాయి. భర్త తల్లిని ఒక్క మాట అనలేడు, భార్యను ఊరడించనూ లేడు. ఓర్చుకోలేని ఒక క్షణంలో కిన్నెర ఇల్లు విడిచి అడవి దారి పడుతుంది. భర్త వెంట పరుగెత్తి ఆమెను కౌగిలించుకుంటాడు. ఆ కౌగిలిలోనే ఆమె నీరై కరిగి ప్రవహిస్తుంది. అతను ఏడ్చి ఏడ్చి రాయి అవుతాడు. తొందరపడ్డానని కిన్నెర కుమిలిపోతుంది. వెనక్కి మళ్ళాలని ఉన్నా, నీరు ముందుకే గాని వెనక్కి పోదు. ఆమె అందానికి, పాటకు సముద్రుడు పొంగుతాడు. కిన్నెర భయపడిపోతుంది. చివరికి గోదావరి ఆమెను తనలో కలుపుకొని కాపాడుతుంది.

కథ ఇంతే. కావ్యభాగాల పేర్లు ఒకసారి చూడండి: కిన్నెర పుట్టుక, నడకలు, నృత్యము, సంగీతము, దుఃఖము, గోదావరీ సంగమము, వైభవము. ఈ పేర్లలో అత్తింటి పోరు ఎక్కడా లేదు. కథ అడవిలోకి వెళ్ళాక అత్త వెనకబడిపోతుంది. ఆమెకు శిక్ష పడాలని గాని, ఆమె మనసు మారాలని గాని కవి ప్రయత్నించలేదు. ఇంట్లో ఏం జరిగిందన్నదానికంటే, అడుగు బయట పెట్టిన స్త్రీకి ఆ తర్వాత ఏమవుతుందన్నదే ఆయనకు ముఖ్యం. అత్తాకోడళ్ళ కథగా దీన్ని చదివితే మొదటి భాగంతోనే కావ్యం అయిపోతుంది.

నది, అడవి

కిన్నెరసాని నిజమైన నది. మేడారం, తాడ్వాయి కొండల్లో పుట్టి, గుండాల, పాల్వంచ ప్రాంతాల అడవుల గుండా పారి, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్ళిచ్చే జలాశయం దీని మీదే ఉంది. చుట్టూ ఉన్న అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. మీలో ఖమ్మం, కొత్తగూడెం వైపు వాళ్ళు ఈ నదిని చూసే ఉంటారు. చూడనివాళ్ళు ఒకసారి వేసవిలో, ఒకసారి శ్రావణంలో వెళ్ళి చూడండి. ఒకే నదికి అన్ని రకాల నడకలు ఎందుకు రాయవలసి వచ్చిందో తెలుస్తుంది.

ఈ పాటలు పుట్టిన రోజుల్లో ఈ ప్రాంతం రెండు రాజ్యాల సరిహద్దు. గోదావరికి అవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇవతల పాల్వంచ, బూర్గంపాడు నిజాం రాజ్యంలో ఉండేవి. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. భద్రాచలం 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మంలోకి వచ్చింది. 2016 నుంచి ఇదంతా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. కావ్యకథకు ఈ సరిహద్దుతో పని లేదు. అయితే బ్రిటిషాంధ్రలో పుట్టిన కవి నిజాం వైపు అడవిలోని వాగును తెలుగింటి ఆడపడుచుగా చేసి, ఆమెను గోదావరి ఒడిలో పెట్టడాన్ని, 'ఆంధ్రప్రశస్తి' రాసిన చెయ్యే ఇదీ రాసిందన్న ఎరుకతో చదవడం మంచిది.

మనుషులు వాగులు కావడం ఈ అడవికి కొత్త కాదు. కిన్నెరసాని పుట్టే కొండల దగ్గరే రెండేళ్ళకొకసారి సమ్మక్క–సారలమ్మ జాతర జరుగుతుంది. కాకతీయ సైన్యంతో పోరాడి సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడనీ, అప్పటి నుంచి అది జంపన్న వాగయిందనీ కోయలు చెప్పుకుంటారు. సమ్మక్క చిలకలగుట్ట మీద కనుమరుగై కుంకుమభరిణెగా దొరికిందంటారు. విశ్వనాథ ఈ గాథ నుంచే కథ తీసుకున్నారని నేను అనడం లేదు. పోలికలోని తేడా చూడండి. సమ్మక్క ఇంట్లో తల్లి, కూతురు, కొడుకు ఒకే పక్షాన నిలిచి చనిపోయారు. వాళ్ళ ముందున్న శత్రువు బయటివాడు. కిన్నెరకు శత్రువు ఇంట్లోనే ఉంది, పైగా ఆమె ప్రేమించిన మనిషికి కన్నతల్లి.

సంఘర్షణ ఎక్కడ ఉంది?

కుటుంబానికీ ప్రేమకూ మధ్య నలిగే నాయికలు సాహిత్యంలో చాలామంది ఉన్నారు. సాధారణంగా కుటుంబం ఒక దిక్కున, ప్రియుడు ఇంకో దిక్కున ఉంటారు. షేక్‌స్పియర్ జూలియట్ తన ఇంటి పగను దాటి రోమియో వైపు వెళ్ళాలి. విశ్వనాథ రాసిన 'ఏకవీర' నవలలో ఇద్దరు స్నేహితులకు, ఒకరు ప్రేమించిన పిల్లతో మరొకరికి పెళ్ళవుతుంది. అక్కడ మనసు ఒకచోట, పెళ్ళి ఇంకోచోట. ఇలాంటి కథల్లో నాయికకు దారులు రెండుంటాయి. ఏ దారిన వెళ్ళినా నష్టమే కావచ్చు, దారులు మాత్రం వేరువేరు.

కిన్నెర స్థితి వేరు. ఆమె ప్రేమా, ఆమె కుటుంబమూ ఒకే గడప లోపల ఉన్నాయి. భర్త కోసం ఇంట్లో ఉండాలి, ఇంట్లో ఉంటే అత్త మాటలు పడాలి. అత్తను కాదంటే భర్తను కాదన్నట్టే, ఎందుకంటే అతను ఆమె కొడుకు. 'నేనా, మీ అమ్మా?' అని అతన్ని అడిగే స్వభావం కిన్నెరది కాదు. అడిగితే అతను జవాబు చెప్పలేడని ఆమెకు తెలుసు. అందుకే ఇల్లు విడవడమంటే ఆమెకు ప్రేమ వైపు వెళ్ళడం కాదు. ఇంటితో పాటు ప్రేమనూ విడిచి వెళ్ళడమే. జూలియట్‌కు ఇల్లు దాటితే రోమియో ఉన్నాడు. కిన్నెరకు ఇల్లు దాటితే అడవి తప్ప ఏమీ లేదు.

గురజాడ పూర్ణమ్మను కూడా ఇక్కడ గుర్తుచేసుకోండి. డబ్బు కోసం తండ్రి ఆమెను ముసలివాడికి కట్టబెట్టాడు. పూర్ణమ్మ ఎవరినీ నిందించలేదు, అన్నదమ్ములకు మంచి కోరి దుర్గగుడి దగ్గరి కొలను వైపు వెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరూ నీటిలో కలిసినవాళ్ళే. పూర్ణమ్మకు జరిగింది అన్యాయం, అందులో చిక్కుముడి లేదు. పాఠకుడు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో గురజాడ స్పష్టంగా చూపించారు. కిన్నెర విషయంలో మన కోపానికి ఒక్క చోటు దొరకదు. భర్త మీద కోపం తెచ్చుకుందామంటే, అతను రాయైపోయి ఉంటాడు.

ఆ భర్త సంగతి కొంచెం ఆగి చూద్దాం. అతన్ని 'చేతకానివాడు' అని తోసేయడం తేలిక. కాని అతను ఆమె వెనక పరుగెత్తాడు, ఆమెను అందుకున్నాడు కూడా. ప్రేమ లేకపోవడం వల్ల ఈ కాపురం చెడలేదు. ఇంట్లో తల్లి ముందు రాని కౌగిలి అడవిలో, ఎవరూ లేనప్పుడు వచ్చింది. అప్పటికి కౌగిలించుకోవడానికి మనిషి మిగల్లేదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎటూ కదలలేకపోయిన అతను ఎప్పటికీ కదలని రాయి అయ్యాడు. ఇంట్లో ఉండలేకపోయిన ఆమె ఎప్పటికీ ఆగలేని నీరు అయింది. ఈ మార్పుల్లో మాయ ఏమీ లేదు. ఇద్దరి స్వభావాలూ వాటి చివరి రూపాలకు చేరాయంతే.

గ్రీకు విమర్శకుడు అరిస్టాటిల్ విషాద నాయకుడిలో ఒక పొరపాటు ఉంటుందని, దాన్ని 'హమార్తియా' అంటారని ఇంతకుముందు పాఠంలో చదివి ఉంటారు. కిన్నెర హమార్తియా ఆమె తొందరపాటు అని రాయవచ్చు. ఆమే అలా అనుకొని కుమిలింది కూడా. అయితే నాయిక తనను తాను నిందించుకున్నంత మాత్రాన విమర్శకుడు ఆ నిందను ఒప్పుకోనక్కరలేదు. ఇంట్లో అందరికంటే ఎక్కువ ఓర్చుకున్న మనిషే చివరికి ఎక్కువ పశ్చాత్తాపపడటం మనం బయట కూడా చూస్తూనే ఉంటాం. కవి ఆ పశ్చాత్తాపాన్ని న్యాయమని చూపారా, బాధగా మాత్రమే చూపారా అన్నది మీరు పాఠంలోంచి తేల్చుకోవాలి. నాకైతే రెండోదే అనిపిస్తుంది. భర్తను వదిలి వచ్చిన దుఃఖం పాటల్లో కనిపిస్తుంది గాని, అత్తకు ఇంకా లొంగి ఉండవలసిందన్న ధ్వని వినిపించదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: పూర్ణమ్మ, కిన్నెర ఇద్దరూ నీటిలో కలిసిన నాయికలే. వారి విషాదాల్లో తేడా ఏమిటో ఐదారు వాక్యాల్లో రాసి చూసుకోండి.

సముద్రుడు తెచ్చిన రెండో చిక్కు

నది అయ్యాక కిన్నెరకు కష్టాలు తీరలేదు. నన్ను అడిగితే అసలైన చిక్కు ఇక్కడే వచ్చింది. విద్యార్థులు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు.

మన కావ్యసంప్రదాయంలో నదులన్నీ సముద్రుడి భార్యలు. అతనికి నదీపతి అన్న పేరే ఉంది. ఇది అందరికీ తెలిసిన అలంకారం, ఎవరూ దాని గురించి ఆలోచించరు. విశ్వనాథ దాన్ని అక్షరాలా నిజమని తీసుకున్నారు. కిన్నెర నది అయింది గనుక సముద్రుడు ఆమె తనదే అనుకుంటాడు. ఆమె ఒకరి భార్య గనుక అతని దగ్గరికి పోలేదు. ఆగిపోదామంటే నీటికి ఆగడం చేతకాదు. ఇంట్లో ఉండగా ఎక్కడికీ వెళ్ళలేని చిక్కు. ఇప్పుడు వెళ్ళకుండా ఉండలేని చిక్కు. ఇల్లు విడిచిన ఆడదాన్ని లోకం ఎంత త్వరగా సొంతం చేసుకోవాలని చూస్తుందో ఈ ఘట్టం చెబుతుంది. సముద్రుడు దుర్మార్గుడు కానక్కరలేదు. అది తన హక్కనుకుంటాడు, అంతే.

గ్రీకు పురాణంలో అరెథూసా కథ ఉంది. రోమన్ కవి ఓవిడ్ తన 'మెటమార్ఫసిస్'లో దాన్ని చెప్పాడు. స్నానం చేస్తున్న ఆమె వెంట అల్ఫియస్ అనే నదీదేవుడు పడతాడు. ఆమె భయంతో నీరై కరుగుతుంది. అతనూ నీరై ఆమెలో కలవాలని చూస్తాడు. డయానా దేవత భూమిని చీల్చి ఆమెకు దారి ఇస్తుంది. ఆమె సిసిలీలోని సిరక్యూస్ దగ్గర ఊటగా పైకి వస్తుంది. ఓవిడ్ చెప్పిన మరో కథలో పిల్లలందర్నీ పోగొట్టుకున్న నియోబి రాయై, ఆ రాయి కూడా కన్నీరు కారుస్తుంది. నీరైన స్త్రీ, ఏడ్చే రాయి అక్కడ వేరువేరు కథల్లో ఉన్నాయి. ఇక్కడ ఒకే దాంపత్యంలో కలిశాయి. ఇంకో తేడా కూడా ఉంది. అరెథూసాకు నీరు కావడం తప్పించుకునే ఉపాయం. కిన్నెరకు నీరు కావడమే కొత్త ప్రమాదం తెచ్చింది.

ఈ చిక్కు విప్పింది గోదావరి. విశ్వనాథ ఊహ ఎంత గట్టిదో ఇక్కడ తెలుస్తుంది, ఎందుకంటే పరిష్కారం భూగోళంలోనే ఉంది. కిన్నెరసాని ఉపనది. ఉపనది సముద్రం దాకా పోదు, పెద్దనదిలో కలిసిపోతుంది. బూర్గంపాడు దాటాక ఆ నీళ్ళను కిన్నెరసాని అని ఎవరూ పిలవరు. పటం చూసి మనం చెప్పే చిన్న విషయాన్ని కవి ఒక స్త్రీ మానరక్షణగా మలిచారు. దానికి ఆమె చెల్లించిన మూల్యం కూడా ఆ పటంలోనే ఉంది. మానం దక్కింది, పేరు అక్కడితో ఆగిపోయింది.

మరో విషయం గమనించండి. ఈ కావ్యంలో పెద్ద వయసు స్త్రీలు ఇద్దరు. ఒకరు అత్త, ఒకరు గోదావరి. ఒకరు ఇంట్లో ఉండనివ్వలేదు, ఒకరు పిలిచి ఒడిలోకి తీసుకున్నారు. పైగా సంప్రదాయం ప్రకారం గోదావరి సముద్రుడి భార్య. తన భర్త కోరిన స్త్రీని కాపాడింది ఆమే. కావ్యంలో మొదట చిన్నబోయిన పెద్దరికానికి చివర్లో గౌరవం దక్కిందంటే అది గోదావరి వల్ల.

కరుణమా, విప్రలంభమా?

అలంకార శాస్త్రం చదివినవారికి ఈ ప్రశ్న రావాలి. విడిపోయిన జంట మళ్ళీ కలుస్తారన్న ఆశ ఉంటే అది విప్రలంభ శృంగారం, ఆశ పూర్తిగా తెగిపోతే కరుణం. కిన్నెర చనిపోలేదు. భర్త కూడా ఒక రకంగా అక్కడే ఉన్నాడు. రాయి పక్కనుంచే నీరు పారుతుంది, తాకుతుంది కూడా. కాని ఆ స్పర్శలో కలయిక లేదు. అందుచేత ఈ రెండింటిలో ఏదో ఒకటే అని తేల్చి రాయకండి. కారణం చూపిస్తూ మీరు ఏ పక్షాన నిలిచినా మార్కులు వస్తాయి.

దీనికి దగ్గరగా వచ్చే సంస్కృత నాటకం భవభూతి 'ఉత్తరరామచరితం'. ఇది ఎనిమిదో శతాబ్దానిది. ప్రజల మాట కోసం సీతను విడిచిన రాముడు మూడో అంకంలో మళ్ళీ గోదావరి తీరానికి, జనస్థానానికి వస్తాడు. సీత అక్కడే ఉంటుంది గాని ఎవరికీ కనిపించదు. ఆమెకు తోడుగా ఉన్నది తమస అనే నది. రాముడు మూర్ఛపోతే, కనిపించని సీత చేయి తగిలి తేరుకుంటాడు. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలోనే సీతారాములు ఉన్నారని ఇక్కడివారి నమ్మకం. ఆ నమ్మకంతో చూస్తే రెండు కథలూ ఇంచుమించు ఒకే అడవిలో జరిగాయి. రెండింటిలోనూ భర్త ప్రేమించినవాడే, ఇంకొక బాధ్యతకు కట్టుబడి భార్యకు అన్యాయం చేసినవాడే. రెండింటిలోనూ స్త్రీకి తోడు నిలిచింది నది. కాని భవభూతిలో స్పర్శ ప్రాణం పోసింది, విశ్వనాథలో స్పర్శతోనే మనిషి కరిగిపోయింది. భవభూతి చివరికి సీతారాములను కలిపాడు. విశ్వనాథ కలపలేదు.

ఒక అభ్యంతరం

మంచి విమర్శ అభిమానంతో కళ్ళు మూసుకోకూడదు గనుక ఇది కూడా చెప్పాలి. కిన్నెరసాని పారే అడవి కోయల నేల. కథను నడిపించే ఇంటి నియమాలు మాత్రం మైదాన ప్రాంతపు ఉమ్మడి కుటుంబానివి. కోయ సమాజంలో పెళ్ళికి ఓలి వరుడి వైపు నుంచి ఇస్తారు. కాపురం కుదరకపోతే విడిపోవడం, మారుమనువు ఆచారంలో ఉన్నాయి. ఆ నేల మీది కోయపిల్లకు అత్తింటి పోరు పడితే కరిగిపోవడం తప్ప వేరే దారులు కొన్ని ఉండేవి. కవి అడవిని తీసుకున్నారు గాని అడవి మనుషుల న్యాయాన్ని తీసుకోలేదు. దీనివల్ల కావ్యం చెడిందని నేననను. కిన్నెర మైదానపు ఇంట్లోంచి పారిపోయి వచ్చిన కోడలని గుర్తిస్తే, అడవి ఆమెకు ఎందుకు ఆశ్రయమైందో ఇంకా బాగా అర్థమవుతుంది. కాకపోతే 'ఇది గిరిజన జీవితాన్ని చిత్రించిన కావ్యం' అని మాత్రం పరీక్షలో రాయకండి. అది పొరపాటు.

రెండో అభ్యంతరం స్త్రీవాద విమర్శ నుంచి వస్తుంది. కష్టం అనుభవించిన స్త్రీని అందమైన ప్రవాహంగా మార్చి, ఆమె నడకను, నాట్యాన్ని, సంగీతాన్ని మనం ఆనందించడం న్యాయమేనా అని. ఇది బలమైన ప్రశ్న. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఒక్క మాట మాత్రం చెప్పగలను. ఇంట్లో ఉన్నప్పుడు కిన్నెరకు గొంతు లేదు. 'కిన్నెర' అంటే తంత్రీవాద్యం, 'సాని' అంటే దొరసానిలో ఉన్న సాని. ఆమె పేరులోనే పాటా ఉంది, గౌరవమూ ఉంది. రెండూ ఆమెకు దక్కింది ఇల్లు దాటాకే. ఇది ఆ ఇంటి మీద కవి చేసిన విమర్శో, ఇల్లు దాటినదాన్ని పాటగా తప్ప మనిషిగా ఉంచలేని అశక్తతో, పాఠం మళ్ళీ చదివి మీ అభిప్రాయం రాయండి.

నమూనా ప్రశ్నలు

'కిన్నెర విషాదానికి కారణం అత్త కాదు, ఆమె ప్రేమా కుటుంబమూ ఒకే చోట ఉండటం' అన్న అభిప్రాయాన్ని సమర్థిస్తూ గాని, ఖండిస్తూ గాని వ్యాసం రాయండి.

గోదావరీ సంగమ ఘట్టంలో భౌగోళిక సత్యం కావ్యసత్యంగా ఎలా మారిందో వివరించండి.